నాలుగో రోజుకే మాత్ర ఆపేయాలనిపిస్తే

మీరు రాసింది క్లుప్తంగా ఇది. వయసు 48. ఏడాదిన్నరగా నెలసరి గతి తప్పింది. రాత్రిళ్ళు ఒళ్ళంతా వేడి ఆవిర్లు, పగలు కారణం తెలియని దడ. డాక్టరు ఆందోళన, డిప్రెషన్‌లకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర 5 మిల్లీగ్రాములు రాసి, వారం తర్వాత 10కి పెంచమన్నారు. మొదలుపెట్టి నాలుగు రోజులైంది. తగ్గాల్సిన ఆందోళన రెట్టింపైంది, కడుపులో తిప్పుతోంది, తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటున్నారు. "ఈ మందు నాకు పడలేదు, ఆపేయనా?" అని మీ ప్రశ్న.

పడిందో లేదో తేల్చడానికి నాలుగు రోజులు చాలవు. మీరు చెప్పినవన్నీ ఈ రకం మందులు మొదటి రెండు వారాల్లో చాలామందిలో చూపించే లక్షణాలే. కాబట్టి మీ అంతట మీరు ఆపవద్దు, రేపు ఉదయమే మందు రాసిన డాక్టరుకు ఫోను చేయండి. ఇంతటితో చేతులు దులుపుకోవచ్చు కానీ, "మొదట్లో అలాగే ఉంటుంది, కాస్త ఓర్చుకోండి" అనే మాట నేను ఎందరికి చెప్పానో లెక్కలేదు. దాని బరువు ఎంతో ఆ మాత్ర నేను మింగాల్సి వచ్చిన రోజున తెలిసింది.

మానసిక వైద్య విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేశాను. నా 49వ ఏట ఇదే మాత్రల పట్టీ నా పేరు మీద ఇంటికి వచ్చింది. తొమ్మిది రోజులు సొరుగులోనే ఉంచాను. పెట్టెలోని కాగితాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. పదో రోజున మాత్రను సగం చేద్దామని కూరగాయల కత్తితో నొక్కితే ఒక ముక్క ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. మోకాళ్ళ మీద వంగి చీపురుపుల్లతో దాన్ని బయటికి లాగుతూ, ఇదే పని నా రోగి ఎవరైనా చేసి ఉంటే ఏమనేదాన్నో తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మూడో రోజుకు నవ్వు లేదు. వంటగదిలో గోడ గడియారం ముందు నిలబడి మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి లెక్కపెట్టాను. 96. రెండు నిమిషాలాగి మళ్ళీ చూస్తే 104. మూడోసారి చూస్తే ఇంకా పెరిగింది. నా గుండెను పరుగెత్తిస్తున్నది సగం మాత్ర, సగం నా లెక్కలు.

తర్వాతి విషయాల కన్నా ముందు ఆగకూడని సందర్భాలు చెప్పాలి. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నా, బలపడుతున్నా ఫోను కోసం రేపటిదాకా చూడకండి. ఇంట్లో ఒకరికి చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఈ ప్రమాదం గురించిన ప్రధాన హెచ్చరిక 25 ఏళ్ళ లోపువారి గురించే అయినా, మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు ఏ వయసువారైనా గమనించుకోవాలి. ఒక్కచోట కూర్చోలేక, కాళ్ళలో ఏదో పాకుతున్నట్టు గదంతా తిరుగుతూనే ఉండాల్సి వస్తే అది మామూలు కంగారు కాదు, అదే రోజు డాక్టరుకు చెప్పాలి. రాత్రి రెండు గంటలే పడుకుని కూడా అలుపు లేకుండా, మాట ఆగకుండా, పెద్ద పెద్ద పనులు తలకెత్తుకుంటుంటే అదీ వెంటనే చెప్పాలి. అది ఆరోగ్యం తిరిగి రావడం కాకపోవచ్చు, మనసు మరో కొసకు ఎగిరిపోవడం కావచ్చు. మీకు గాని, మీ రక్తసంబంధీకులకు గాని బైపోలార్ జబ్బు ఉండి ఉంటే డాక్టరుకు ముందే తెలియాలి. జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం, ఒళ్ళు ఎగిరెగిరి పడటం, విరేచనాలు, మతి తప్పినట్టు ఉండటం కలిసి వస్తే, ఈ మాత్ర పనిచేసే సెరోటోనిన్ అనే నరాల రసాయనం మితిమీరిందని అనుమానించి అత్యవసర విభాగానికి వెళ్ళాలి. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందు, సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికా మందు ఈ మాత్రతో కలిస్తే ఆ ముప్పు పెరుగుతుంది. అందుకే వాడుతున్న ప్రతి మందూ, మూలికలతో సహా, డాక్టరుకు చెప్పాలి.

ఛాతీలో నొప్పి, బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, నడిస్తే ఆయాసం ఉంటే దాన్ని "ఆందోళనేలే" అని మీరు అనుకోవద్దు, ఇంట్లోవారిని అననివ్వవద్దు. నెలసరి ఆగే వయసు నుంచి ఆడవారిలో గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది.

ఇక అసలు సంగతి. సెరోటోనిన్‌ను నరాల కణాలు తిరిగి లోపలికి పీల్చుకోకుండా ఈ మాత్ర అడ్డుపడుతుంది. ఆ పని కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. మరి మనసు కుదుటపడటానికి వారాలు ఎందుకు? కాలువలోకి ఒక్కసారిగా నీళ్ళు పెరిగితే తూము కాపరి కంగారుపడి తలుపు దించేస్తాడు కదా, మెదడూ ఆ పనే చేస్తుంది. సెరోటోనిన్ విడుదలను అదుపుచేసే గ్రాహకాలు దానికి ఉన్నాయి. కొత్త మట్టానికి అవి అలవాటుపడి పట్టు సడలించడానికి రెండు మూడు వారాలు పడుతుందని చాలామంది వైద్యులు వివరిస్తారు. ఈలోగా ఉలికిపాటు మనకు, ఉపశమనం ఇంకా రాలేదు. వికారానికి కారణం ఇంకా సూటిగా ఉంటుంది. ఒంట్లోని సెరోటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది, మాత్రకు మెదడేదో పేగేదో తేడా తెలియదు. పైగా ఎస్సిటాలోప్రామ్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 30 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటుంటే రక్తంలో దాని మట్టం ఒక స్థాయికి వచ్చి నిలవడానికి వారం, పది రోజులు కావాలి. మీరు ఉన్నది నాలుగో రోజు. ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నారు.

దీని మీద మెనోపాజ్ వచ్చి కూర్చుంది. పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతేనే అది పూర్తయినట్టు. మీరున్నది దానికి ముందటి దశ. చాలామంది ఈ దశలో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ మెల్లగా మెట్లు దిగినట్టు తగ్గుతుందని అనుకుంటారు. అలా దిగితే బాగానే ఉండేది. అది ఒక నెల ఎగిసిపడి, మరో నెల అడుగంటుతుంది. మెదడులో సెరోటోనిన్ పనితీరుతో దానికి దగ్గరి లంకె ఉంది కాబట్టి మనసూ దాంతోపాటే ఊగుతుంది. మెదడులో ఒంటి వేడిని చూసుకునే కేంద్రం కూడా ఈ ఒడిదుడుకులకు అతిజాగ్రత్త పడుతుంది. మునుపు పట్టించుకోనంత చిన్న వేడికి కూడా రక్తనాళాలను తెరిచి, చెమట పట్టించి, గుండె వేగం పెంచేస్తుంది. ఆ దడను మనసు భయంగా చదువుకుంటుంది.

అంటే మీ ఒంట్లో ఇప్పుడు ఒకేరకంగా కనిపించే మూడు ఉన్నాయి. మెనోపాజ్ ఆవిరి, మాత్ర తొలినాళ్ళ అలజడి, మీకు ముందునుంచీ ఉన్న ఆందోళన. మూడింటికీ దడే, మూడింటికీ చెమటే. మూడూ కలిసి "నాకేదో అయిపోతోంది" అనే ఒక్క ముద్దగా మారినప్పుడే మనిషి మాత్రను చెత్తబుట్టలో పడేస్తుంది. నాకు గట్టెక్కే దారి దొరికింది ఈ ముద్దను విడదీయడం దగ్గరే.

ఒక పాత నోటు పుస్తకం తీసుకున్నాను. ప్రతిసారీ నాలుగే ముక్కలు రాశాను. ఎన్నింటికి, ఎక్కడ మొదలైంది, ముందు వచ్చింది వేడా ఆలోచనా, ఎంతసేపు ఉంది. నాడి సంఖ్య రాయడం మాత్రం మానుకున్నాను, దాని సంగతి పైన చెప్పాను కదా. వారం తిరిగేసరికి నా తెల్లవారుజాము భయాల్లో ఎక్కువ వాటికి ముందు ఛాతీ నుంచి మెడకు, ముఖానికి ఎగబాకిన వేడి ఉందని తేలింది. మూడు నాలుగు నిమిషాల్లో చెమట, ఆ వెంటనే చలి. భయం వాటి తర్వాత వచ్చింది. అది ఆవిరి. అదే పొద్దున పది గంటల ప్రాంతంలో వచ్చేవి వేరు. వేడి లేదు, పొట్టలో తిప్పడం, చేతివేళ్ళలో సన్నని వణుకు, వరస ఆవలింతలు. అవి మాత్రవి. అవును, ఆవలింతలు కూడా దాని దుష్ప్రభావమే, నిద్రతో సంబంధం లేదు. ఇక సాయంత్రం పూట ఎవరైనా ఫోను ఎత్తకపోతే క్షణంలో ఊహలు శ్మశానందాకా వెళ్ళివచ్చేవి. అది నా పాత ఆందోళన, దానికి హార్మోన్లను గాని మాత్రను గాని తప్పుపట్టలేను.

ఈ విడదీత ఎప్పుడూ కచ్చితంగా కుదరదు. తల వెనక, మెడ మీద కారే చెమటను చాలా రోజులు మెనోపాజ్ ఖాతాలో రాసుకున్నాను. వేడి లేకుండా పడుతున్న ఆ చెమట మాత్రదని తర్వాత అర్థమైంది. పేరు తప్పు పెట్టినా పరవాలేదు. పెన్ను తీసి "3.20, ఛాతీ, వేడి ముందు" అని రాస్తున్నంతసేపు మీరు భయంలో మునిగి ఉండరు, ఒడ్డున నిలబడి దాన్ని చూస్తుంటారు. పైగా ఆ కాగితం మీ డాక్టరుకు మీ నోటిమాట కన్నా ఎక్కువ చెబుతుంది.

ఈ రెండు వారాలు గడిచే ఉపాయాలు కొన్ని. మాత్ర వల్ల నిద్ర చెడుతుంటే ఉదయానికి మార్చుకోవచ్చు, మత్తుగా ఉంటే రాత్రికి. వికారానికి తిన్న తర్వాత వేసుకోవడం చాలామందికి పనిచేస్తుంది. కాఫీ, టీ సగానికి తగ్గించండి, మధ్యాహ్నం తర్వాత వద్దు. మద్యం అలవాటు ఉంటే ఈ వారాల్లో పూర్తిగా పక్కన పెట్టండి, అది ఆవిర్లనూ రేపుతుంది, నిద్రనూ చెడగొడుతుంది. పడకగది చల్లగా ఉండాలి, ఒకే మందపాటి దుప్పటి బదులు పలచనివి రెండు ఉంటే ఒకటి తన్నేయవచ్చు.

"గట్టిగా ఊపిరి పీల్చుకో" అనే సలహా అంటే నాకు చిరాకు. భయంలో ఉన్న మనిషి ఇప్పటికే ఎక్కువ పీలుస్తోంది, ఇంకా పీలిస్తే వేళ్ళు తిమ్మిరెక్కి, తల తేలిపోయి, భయం రెండింతలవుతుంది. చేయాల్సింది వదలడం. మామూలుగా ముక్కుతో తీసుకుని, తీసుకున్నదానికన్నా మెల్లగా, పెదవులు సన్నగా చేసి, వేడి గ్లాసు మీద ఊదుతున్నట్టు వదలండి. అయిదు నిమిషాలు. నాలుగింటికి మెలకువ వచ్చి ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగిపోండి. చీకట్లో పైకప్పును చూస్తూ మాత్ర మీద విచారణ జరపవద్దు. ఫోనులో దుష్ప్రభావాలు వెతకవద్దు. నేను ఆ వేళల్లో ఉతికిన బట్టలు మడతపెట్టేదాన్ని. ఆ రెండు వారాలు మా ఇంట్లో అలమారాలు ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉన్నాయి.

ఇంట్లో ఒకరికి పని అప్పగించండి. ఓదార్చే పని కాదు, చూసే పని. నిద్ర, తిండి, మాట తీరు ఎలా మారుతున్నాయో వారానికోసారి వారు మీకు చెప్పాలి. లోపల ఉన్నవారికి మార్పు ఆలస్యంగా కనిపిస్తుంది.

మరీ తట్టుకోలేకపోతే డాక్టర్లు కొద్ది రోజులకు క్లోనజెపామ్ లాంటి మందు కలపవచ్చు. అది గంటలోపే ఊరట ఇస్తుంది, అదే దానితో చిక్కు. రెండు నాలుగు వారాలు దాటితే ఒళ్ళు దానికి అలవాటుపడుతుంది. డాక్టరు రాసినన్ని రోజులే, రాసినంతే. పక్కింటివారి దగ్గర రెండు మాత్రలు అడిగి తెచ్చుకునే పని ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇప్పుడు మీరు అడగని ఒక విషయం. మీకు థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వల పరీక్షలు చేశారా? మనసు డాక్టరు నెలసరి గురించి అడగరు, స్త్రీల డాక్టరు మనసు గురించి అడగరు. ఇద్దరి మధ్యా ఆడమనిషి జారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే దడ, చెమట, వణుకు, నిద్రలేమి అచ్చం ఇలాగే ఉంటాయి. గతి తప్పిన నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే రక్తహీనత వస్తుంది, అందులోనూ దడే. ఈ రకం మాత్రలు రక్తం గడ్డకట్టే గుణాన్ని కాస్త తగ్గిస్తాయి కూడా. కాబట్టి స్రావం ఎక్కువగా ఉన్నా, ఒళ్ళునొప్పులకు ఐబుప్రొఫేన్ లాంటివి తరచూ వేసుకుంటున్నా డాక్టరుకు తెలియాలి. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు వాడేవారిలో ఈ మందు వల్ల ఒంట్లో సోడియం పడిపోయే ముప్పు ఉంది, తలనొప్పి, మగత, తికమక దాని గుర్తులు. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నవారికి పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ ఇవ్వకుండా చూస్తారు, అవి టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తాయి.

అసలు ఈ మాత్ర మీకు సరైన మొదటి మందేనా? అడగదగ్గ ప్రశ్నే. 2015లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ ఇచ్చిన మార్గదర్శకాలు, మెనోపాజ్‌తో ముడిపడిన దిగులుకు హార్మోన్ చికిత్సను, ఆలోచనా ధోరణిని సరిచేసే మానసిక చికిత్సను పరిశీలించమన్నాయి. డిప్రెషన్ నిర్ధారణ కానివారికి కేవలం మెనోపాజ్ దిగులు కోసం ఈ మాత్రలు పనిచేస్తాయనడానికి స్పష్టమైన ఆధారం లేదని కూడా చెప్పాయి. అయితే మీరు రాసినదాన్ని బట్టి మీకు నెలసరి గతి తప్పకముందే, ప్రసవం తర్వాత ఒకసారి, ఇలాంటి ఆందోళన వచ్చి చికిత్స తీసుకున్నారు. అటువంటప్పుడు మీ డాక్టరు ఈ మాత్రతో మొదలుపెట్టడం నాకు సబబుగానే తోస్తోంది. హార్మోన్ చికిత్స అందరికీ సరిపడదు, రొమ్ము క్యాన్సర్, రక్తనాళాల్లో గడ్డలు వచ్చినవారికి సాధారణంగా ఇవ్వరు. సరిపడేవారిలో రెండూ కలిపి కూడా వాడతారు. ఒకటి ఎంచుకుంటే రెండోది వదులుకున్నట్టు కాదు.

ఈ మాత్రకు మీకు తెలియని ఒక మంచి గుణం ఉండవచ్చు. ఎస్సిటాలోప్రామ్ 10 నుంచి 20 మిల్లీగ్రాముల డోసులో వేడి ఆవిర్లను కూడా తగ్గిస్తుందని 2011లో వెలువడిన ఒక పరీక్షలో తేలింది. ఇదే కుటుంబంలోని పారోక్సెటిన్‌ను 7.5 మిల్లీగ్రాముల చిన్న డోసులో ఆవిర్ల కోసమే 2013లో అమెరికాలో ఆమోదించారు. ఇప్పుడు చెమట పట్టిస్తున్న మాత్రే కొన్ని వారాలకు మీ రాత్రులను చల్లబరచవచ్చు.

కాలం లెక్క చెబుతాను. వికారం, వణుకు చాలామందిలో రెండు వారాల్లో సద్దుమణుగుతాయి. డోసు పెంచినప్పుడు చిన్నగా మళ్ళీ తలెత్తుతాయి, బెదరకండి. మొదటి మార్పు రెండు నుంచి నాలుగు వారాల మధ్య. పనిచేస్తోందో లేదో తేల్చడం ఆరు నుంచి ఎనిమిది వారాలకు. అప్పటికీ ఏమీ లేకపోతే డోసు మారుస్తారు, లేదా మందే మారుస్తారు. ఇది సరిపడకపోతే మరొకటి సరిపడవచ్చు. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం, చికాకు వస్తాయి. మీ అక్కగారు "ఇక జన్మంతా దానికి బానిసవే" అన్నారని రాశారు. ఒళ్ళు మందుకు అలవాటుపడటం వేరు, మందు కోసం అంగలార్చడం వేరు. మా వార్డులో ఈ మాత్ర ఇంకొకటి కావాలని దొంగతనం చేసినవారిని నేను చూడలేదు.

ఒక దుష్ప్రభావం గురించి ఎవరూ ముందు చెప్పరు, దాంపత్య సుఖంలో ఆసక్తి, అనుభూతి తగ్గవచ్చు. మెనోపాజ్ పొడిబారడం దానికి తోడవుతుంది. పొడిబారడానికి విడిగా మంచి చికిత్స ఉంది. సిగ్గుపడి మాత్ర ఆపేసే బదులు అడగండి.

మార్పు ఎలా ఉంటుందో అడిగారు. సంతోషం ఉప్పొంగుతుందని ఎదురుచూస్తే నిరాశపడతారు. నాకు అయిదో వారంలో ఒక ఉదయం పాలు పొంగి పొయ్యంతా కారాయి. గుడ్డ తీసి తుడిచి, మళ్ళీ పాలు పెట్టాను. గుడ్డ పిండుతుండగా తట్టింది, నెలక్రితం ఇదే జరిగి ఉంటే చేతులు వణికి, నేల మీద కూలబడి ఏడ్చేదాన్ని. ఆవిర్లు అప్పటికి పూర్తిగా పోలేదు. వచ్చేవి, వెళ్ళేవి, వెంట భయాన్ని లాక్కురావడం మానేశాయి.

రేపు ఫోను చేసినప్పుడు ఈ నాలుగు అడగండి. 5 మిల్లీగ్రాముల దగ్గరే మరో వారం ఆగవచ్చా? మాత్రను ఉదయానికి మార్చుకోవచ్చా? థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు ఎప్పుడు చేయిద్దాం? రాత్రిపూట పరిస్థితి చెయ్యిదాటితే ఏ నంబరుకు చేయాలి? జవాబులు నోటు పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి, నాలుగింటికి మెలకువ వచ్చినప్పుడు వెతుక్కోనక్కరలేకుండా.